గోడ ప్లగ్గు, గ్యాస్ మంట, కాఫీ వడపోత, ఫ్లాస్కు: జర్మనీలో పుట్టిన వస్తువులను సరిగ్గా వాడే విధానం

ఊడిపోని అల్మరా, మసి పట్టని గిన్నె, మడ్డి లేని కాఫీ, పొద్దున పోస్తే సాయంత్రానికి కూడా వేడిగా ఉండే నీళ్లు. ఇవన్నీ ఇప్పుడు మామూలు విషయాలే గానీ, ఒక్కోదాని వెనక జర్మనీలో ఎవరో ఒకరు విసుగెత్తి చేసిన ప్రయత్నం ఉంది. ఒక్కో వస్తువూ ఒక్క కిటుకు మీదే నడుస్తుంది. ఆ కిటుకు తెలియకుండా వాడితే మంచి వస్తువు కూడా మొరాయిస్తుంది, తెలిస్తే తప్పు ఎక్కడ జరిగిందో మనకే అర్థమవుతుంది. కాబట్టి ఇక్కడ చరిత్ర తక్కువ, పని ఎక్కువ.

గోడ ప్లగ్గు

ఒకప్పుడు గోడకి బరువు తగిలించాలంటే కన్నంలో చెక్క ముక్క దిగ్గొట్టి, దానిలోకి స్క్రూ ఎక్కించేవారు. చెక్క ఎండితే కుంచించుకుపోయేది, చెమ్మ తగిలితే కుళ్లేది. బ్లాక్ ఫారెస్ట్ ప్రాంతంలోని టుమ్‌లింగెన్‌లో ఆర్టుర్ ఫిషర్ 1958లో నైలాన్‌తో చేసిన ప్లగ్గు ఈ బెడద వదిలించింది. ఆయన పేరు మీద 1,100కి పైగా పేటెంట్లు ఉన్నా, లోకం అంతా వాడేది మాత్రం ఈ వేలెడంత లేని బూడిదరంగు ముక్కనే. చాలామంది దీన్ని రావల్ ప్లగ్ అంటారు. నిజానికి ఆ పేరు అంతకు ముందే ఇంగ్లండులో వచ్చిన నార ప్లగ్గుది.

ప్లగ్గును చేతిలోకి తీసుకుని చూడండి. ముందు సగం నిలువునా చీలి ఉంటుంది. పక్కలకి రెండు చిన్న నాలుకలు పొడుచుకొచ్చి ఉంటాయి. మెడ దగ్గర మాత్రం చీలిక ఉండదు. స్క్రూ దిగుతున్న కొద్దీ చీలిన సగం విచ్చుకుని కన్నం గోడలను గట్టిగా ఒత్తుతుంది. ఆ ఒత్తిడి వల్ల పుట్టే రాపిడే బరువును మోస్తుంది. నాలుకలు ప్లగ్గు గిర్రున తిరగకుండా పట్టి ఉంచుతాయి. మెడ ఎందుకు విచ్చుకోదంటే, అది విచ్చుకుంటే పైనున్న ప్లాస్టరింగో టైలో పగులుతుంది. ఇంతే విషయం. కింద చెప్పే ప్రతి జాగ్రత్తా ఈ రాపిడిని కాపాడటానికే.

కొలతలు ముందు చూసుకోవాలి. ప్లగ్గు మీద 6 అని ఉంటే డ్రిల్ బిట్ కూడా 6 మి.మీ.దే, కొంచెం అటూ ఇటూ కుదరదు. మామూలు నైలాన్ ప్లగ్గుల్లో 6 నంబరుది 30 మి.మీ. పొడవు ఉంటుంది, 4 నుంచి 5 మి.మీ. మందం స్క్రూ పడుతుంది. 8 నంబరుది 40 మి.మీ., స్క్రూ 4.5 నుంచి 6 మి.మీ. బరువు మోయాల్సిన చోట ఆ హద్దులో లావుపాటి స్క్రూనే తీసుకోండి. సన్నదైతే ప్లగ్గు సగమే విచ్చుకుంటుంది. స్క్రూ పొడవు లెక్క: తగిలించే వస్తువు మందం, ప్లగ్గు పొడవు, దానికి పైన స్క్రూ మందమంత. ఆ చివరి ముక్క ఎందుకంటే, స్క్రూ కొన ప్లగ్గు చివర దాటి కాస్త బయటికి వస్తేనే కాళ్లు పూర్తిగా తెరుచుకుంటాయి. పొట్టి స్క్రూతో బిగించిన అరలు మొదటి రోజు బాగానే ఉంటాయి, నెల తిరిగేసరికి వంగుతాయి.

ఇక్కడ అందరూ మరిచిపోయేది ప్లాస్టరింగ్ మందం. అది బరువు మోయదు. గోడ మీద 15 మి.మీ. పూత ఉందనుకుందాం. 3 మి.మీ. ఇనుప బ్రాకెట్‌ను 8 నంబరు ప్లగ్గుతో, 5 మి.మీ. స్క్రూతో బిగించాలి. ప్లగ్గును పూత దాటించి ఇటుకలోకి నెట్టాలి కాబట్టి స్క్రూ పొడవు 3 + 15 + 40 + 5, అంటే 63 మి.మీ. దుకాణంలో దొరికే కొలతల్లో 65 గానీ 70 గానీ తీసుకోవాలి. కన్నం లోతు పూతతో కలిపి 70 మి.మీ. ఉండాలి, 70 స్క్రూ అయితే ఇంకో 5 పెంచండి. ఎందుకంటే ప్లగ్గు వెనక స్క్రూ కొనకీ, రాలే పొడికీ 10–15 మి.మీ. చోటు కావాలి.

డ్రిల్ ఎత్తే ముందు తీగలు, పైపులు ఎటు వెళ్తున్నాయో చూడండి. స్విచ్ బోర్డుకి సరిగ్గా పైనా, కిందా, పక్కలకీ ఉండే గీతలో కన్నం పెట్టకూడదు. తీగలు మామూలుగా ఆ దారుల్లోనే వెళ్తాయి. కుళాయికి పైనా కిందా కూడా అంతే. తర్వాత పని ఈ వరసలో సాగుతుంది.

1. లోతు గుర్తుగా బిట్ చుట్టూ రంగు టేపు అంటించండి. కంటి అంచనా మీద ఆధారపడితే కన్నం ఎప్పుడూ పొట్టిదే అవుతుంది.
2. పెన్సిల్ గుర్తు మీద మేకుతో చిన్న గంటు పెట్టండి, బిట్ జారదు. టైలు మీదైతే మాస్కింగ్ టేపు అతికించి, టైలు బిట్‌తో, హ్యామర్ మోడ్ (దెబ్బలు కొడుతూ తిరిగే పద్ధతి) ఆపి మొదలుపెట్టండి. టైలు దాటాక మామూలు బిట్‌కి మారండి.
3. కాంక్రీటుకి హ్యామర్ మోడ్ తప్పదు. బోలు ఇటుకకి మాత్రం వద్దే వద్దు. ఆ దెబ్బలకి లోపలి సన్నటి గోడలు విరిగి, ప్లగ్గుకి ఒత్తుకోవడానికి ఏమీ మిగలదు.
4. డ్రిల్‌ను నిటారుగా పట్టుకుని ఒకే దారిలో లోపలికీ బయటికీ ఆడించండి. చెయ్యి ఊగితే కన్నం కోడిగుడ్డు ఆకారానికి తిరుగుతుంది.
5. కన్నంలో పొడి మొత్తం తీసేయండి. గాలి బుడ్డితో మూడు నాలుగు సార్లు కొట్టినా సరే, వాక్యూమ్ పెట్టినా సరే.
6. ప్లగ్గును వేలితో సగం దాకా దూర్చి, మిగతాది సుత్తితో నెమ్మదిగా తట్టండి. దెబ్బ లేకుండా జారిపోతే కన్నం పెద్దదైనట్టు.
7. స్క్రూ బిగిస్తుంటే చివరి కొన్ని తిప్పుళ్లలో బిగువు పెరగాలి. వస్తువు గోడకి ఆనగానే ఆపండి. ఇంకా తిప్పితే నైలాన్ లోపలి గాడి చెడుతుంది.

అయిదో మెట్టును చాలామంది వదిలేస్తారు. పొడి సన్నటి గోలీల్లా పనిచేసి ప్లగ్గును జారేలా చేస్తుంది. అదే పొడి ఇంకో మేలు కూడా చేస్తుంది, గోడ లోపల ఏముందో చెబుతుంది. మొదట తెల్లగానో లేత బూడిదగానో వస్తే అది పూత. ఎర్రబడితే ఇటుక తగిలింది. బూడిద రంగులోనే ఉండి బిట్ వేడెక్కుతూ కదలకపోతే కాంక్రీటు. ఉన్నట్టుండి బిట్ ఠక్కున ముందుకు పడితే బోలు. అప్పుడు ఈ మామూలు ప్లగ్గు పక్కన పెట్టి, లోపల ముడి పడే రకం పొడుగు ప్లగ్గు తీసుకోవాలి. జిప్సం బోర్డుకి కూడా అంతే, దానికి వెనక రెక్కలు తెరుచుకునే రకాలు వేరే ఉన్నాయి.

స్క్రూ ఊరికే తిరుగుతుంటే దాన్ని సగం బయటికి తీసి, పట్టకారుతో పట్టుకుని లాగితే ప్లగ్గు కూడా వచ్చేస్తుంది. ఆ కన్నాన్నే 6 నుంచి 8కి పెంచి పెద్ద ప్లగ్గు వేయండి. అగ్గిపుల్లలు కుక్కి బిగించే అలవాటు ఉంది చూశారూ, అది 1958కి ముందు కాలానికి వెనక్కి వెళ్లడమే. పుల్ల ఎండగానే మళ్లీ వదులు.

అరల విషయంలో ఇంకొక్క లెక్క. 30 సెం.మీ. వెడల్పు అర మీద 10 కిలోలు ఉంటే బరువు సుమారు గోడకి 15 సెం.మీ. దూరంలో వేలాడుతున్నట్టు. బ్రాకెట్ నిలువు కాలు 15 సెం.మీ. అయితే పై స్క్రూల మీద బయటికి లాగే బలం దాదాపు 10 కిలోలు. అదే కాలు 7.5 సెం.మీ. అయితే 20 కిలోలు. అందుకే ప్లగ్గు పెంచే ముందు బ్రాకెట్ ఎత్తు పెంచడం తెలివైన పని.

నీలం మంట

హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో కొత్త ప్రయోగశాలకి 1855లో గ్యాస్ వచ్చింది. అప్పటి బర్నర్లు పసుప్పచ్చగా, మసి కక్కుతూ మండేవి. అక్కడి రసాయన శాస్త్రవేత్త రోబర్ట్ బున్సెన్ ఆలోచన చిన్నదే: గ్యాస్ వెలిగాక గాలి కోసం వెతుక్కోవడం ఎందుకు, వెలిగే ముందే గొట్టంలో కలిపేద్దాం. పనిముట్లు చేసే పీటర్ డెసాగా దానికి రూపం ఇచ్చాడు. బున్సెన్ పేటెంట్ తీసుకోలేదు. ఇవాళ వంటగదిలోని గ్యాస్ పొయ్యి కూడా ఇదే పద్ధతిలో మండుతుంది.

పొయ్యిలో జెట్ అనే సన్నటి కన్నం ముక్కు నుంచి గ్యాస్ వేగంగా దూసుకొస్తూ పక్కనున్న గాలిని తనతో లాక్కుపోతుంది. రెండూ గొట్టంలో కలిసి బర్నర్ మూత కన్నాల దగ్గర వెలుగుతాయి. గాలి సరిపోతే మంట నీలంగా, ప్రతి కన్నం మీదా మొనదేలిన చిన్న శంకువుతో ఉంటుంది. ఆ శంకువు లోపల ఇంకా కాలని గ్యాస్ ఉంటుంది, దాని మొనకి కాస్త పైన వేడి అన్నిటికన్నా ఎక్కువ. గిన్నె అడుగు అక్కడ ఉండాలి. మంట గిన్నె చుట్టూ పైకి పాకుతుంటే గ్యాస్ వృథా తప్ప వంట తొందరగా అవదు.

పసుపు మంట అంటే కాలకుండా మిగిలిన మసి రేణువులు ఎర్రగా కాలి మెరవడమే. గాలి చాలడం లేదని అర్థం. గిన్నె అడుగు నల్లబడటం దాని పైకి కనిపించే నష్టం, కార్బన్ మోనాక్సైడ్ కనిపించని నష్టం. కాబట్టి దీన్ని వాయిదా వేయకూడదు. మంట కన్నాల మీద నిలవకుండా పైకి ఎగిరి బుసబుసమంటే గాలి ఎక్కువైంది. గొట్టంలోపల టప్‌మని మండితే గ్యాస్ మరీ తక్కువగా వస్తోంది లేదా మూత సరిగా కూర్చోలేదు. వెంటనే కట్టేసి, చల్లారాక మూత సరిచేసి వెలిగించండి.

శుభ్రం చేయాలంటే ముందు గ్యాస్ వాల్వు కట్టి, బర్నర్ పూర్తిగా చల్లారనివ్వండి. మూతలు తీసి సబ్బు కలిపిన వేడినీళ్లలో అరగంట నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో తోమండి. మూసుకున్న కన్నాలను సన్నటి తీగతో ఒక్కొక్కటీ పొడవండి. టూత్‌పిక్‌లు వాడకండి, కొన విరిగి లోపలే ఉండిపోతుంది. తర్వాత నీటి చుక్క లేకుండా ఆరాలి. తడి మూత పెడితే కన్నాల్లో నీళ్లు నిలిచి మంట సగమే వస్తుంది, జనం పొయ్యి పాడైందనుకుంటారు. జెట్ కన్నాన్ని మాత్రం సూదితో కెలకొద్దు. దాని కొలత ఎంత కచ్చితమంటే, వెంట్రుకవాసి పెరిగినా గ్యాస్ ఎక్కువై గాలి పాళ్లు తప్పుతాయి. సిలిండర్ గ్యాస్‌కీ పైపు గ్యాస్‌కీ జెట్లు వేరు, ఒకదాని బదులు ఇంకొకటి పనికిరాదు. మార్చాల్సి వస్తే మెకానిక్‌నే పిలవండి.

గొట్టంలోకి వచ్చే గాలిని పెంచి తగ్గించే గాలి పలక ఉన్న పొయ్యి అయితే ముందు దాన్ని మంట మొనలు పసుపు రంగుకి తిరిగేదాకా మూసి, మెల్లగా తెరుస్తూ ఆ పసుపు పోయిన చోట ఆపండి. అంతకు మించి తెరిస్తే మంట ఎగరడం మొదలవుతుంది. గొట్టం బిగింపుల దగ్గర లీకు అనుమానం ఉంటే సబ్బు నురగ రాసి బుడగలు వస్తున్నాయేమో చూడాలి, అగ్గిపుల్లతో కాదు.

ఉప్పు నీళ్లు పొంగి మంట మీద పడితే ఒక్కసారిగా నారింజ రంగు మెరుపు వస్తుంది. అది లోపం కాదు, ఉప్పులోని సోడియం వెలుగు. తన బర్నర్‌కి సొంత రంగు దాదాపు లేకపోవడం వల్లే బున్సెన్, భౌతిక శాస్త్రవేత్త కిర్కాఫ్‌తో కలిసి ఏ మూలకం ఏ రంగులో మండుతుందో చూడగలిగాడు. డ్యుర్క్‌హైమ్ ఊటల నీళ్లు సుమారు 40 టన్నులు ఇగర్చి, 1860లో సీజియం అనే కొత్త మూలకం ఉందని తేల్చారు. మన పొయ్యి మీద పొంగిన కుండ కూడా అదే ప్రయోగాన్ని ఉచితంగా చేసి చూపిస్తుంది.

కాగితపు వడపోత

డ్రెస్డెన్‌లో మెలిట్టా బెంట్స్‌కి కప్పు అడుగున మిగిలే మడ్డి అంటే చిరాకు. ఇత్తడి పాత్రకి మేకుతో కన్నాలు పొడిచి, కొడుకు నోటుపుస్తకంలోని సిరా అద్దుడు కాగితం పరిచి కాఫీ వడబోసింది. 1908 జూన్ 20న బెర్లిన్‌లోని పేటెంట్ కార్యాలయంలో అది నమోదైంది. ఆ డిసెంబరులో ఆమె మొదలుపెట్టిన సంస్థ పెట్టుబడి 73 ఫెనిగ్‌లు, అంటే జర్మన్ చిల్లర పైసలు.

ఇక్కడి కిటుకు సమయం. నీళ్లు పొడిలోంచి ఎంతసేపట్లో దిగుతాయో దాన్నిబట్టే రుచి. అర లీటరు నీళ్లకి 30 గ్రాముల పొడి తీసుకోండి, స్పూన్లతో కాక తూకంతోనే. పొడి పలుకు పంచదారంత ఉండాలి. శంకువు కాగితానికి ఉన్న రెండు అతుకుల్ని ఒకటి అటు, ఒకటి ఇటు మడిస్తే కాగితం గిన్నెకి చక్కగా అంటుకుని నిలుస్తుంది, అతుకు తెగదు. మడిచాక ఉత్త వేడినీళ్లతో తడిపి ఆ నీళ్లు పారబోయండి. కాగితం వాసన పోతుంది, కింది పాత్ర కూడా వేడెక్కుతుంది.

నీళ్లు మరిగాక అర నిమిషం ఆగితే 92–96 డిగ్రీలకి వస్తాయి. ముందు 60 మి.లీ. మాత్రమే పోసి పొడి అంతా తడిచేలా చూడండి. తాజా పొడి అయితే బుడగలతో ఉబ్బుతుంది. వేయించినప్పుడు లోపల చిక్కుకున్న కార్బన్ డయాక్సైడ్ పోతోందన్నమాట. 30 నుంచి 40 సెకన్లు ఆగండి, లేకపోతే ఆ గాలే నీటిని పొడిలోకి వెళ్లనివ్వదు. మిగతా నీళ్లు రెండు మూడు విడతలుగా నడిమి నుంచి చుట్టూ తిప్పుతూ పోయండి. కాగితం అంచు మీద పోస్తే నీళ్లు పొడిని తాకకుండానే కిందికి జారిపోతాయి. మొత్తం మూడు, మూడున్నర నిమిషాల్లో దిగిపోవాలి.

రెండు నిమిషాల్లోనే దిగిపోయి పుల్లగా, పలచగా ఉంటే పొడి ముతకది. అయిదు నిమిషాలైనా దిగక చేదుగా ఉంటే మరీ సన్నది. రుచి తేడాగా ఉందని పొడి పాళ్లు పెంచేస్తారు చాలామంది, అసలు మార్చాల్సింది గ్రైండర్ మీద ఒక గీత.

ఫ్లాస్కు

రెండు పొరల మధ్య గాలి తీసేసిన పాత్రను స్కాట్లండ్ శాస్త్రవేత్త జేమ్స్ డ్యూవర్ 1892లో ప్రయోగాల కోసం చేశాడు. దానికి లోహపు తొడుగు, బిరడా పెట్టి ఇంట్లో వాడేలా మార్చి 1903లో పేటెంట్ తీసుకున్నది బెర్లిన్ గాజు నిపుణుడు రైన్‌హోల్డ్ బుర్గర్. శూన్యం గుండా వేడి పాకలేదు, లోపలి అద్దం పూత వేడి కిరణాలను వెనక్కి కొడుతుంది. మిగిలిన దారి మెడా, బిరడా. అక్కడినుంచే వేడి పోతుంది.

అందుకే నిండా పోయాలి. సగం ఫ్లాస్కు సగం కాలమే వేడిగా ఉంటుందని లెక్క వేసుకోవచ్చు. పోసే ముందు మరిగే నీళ్లు పోసి అయిదు నిమిషాలు ఉంచి పారబోయండి. గాజు లోపలిదైతే ముందు గోరువెచ్చనివి, తర్వాత వేడివి, లేకపోతే ఆ ఒక్క దెబ్బకే పగులుతుంది. చల్లటి వాటికి ఇదే పని ఐసు నీళ్లతో. బిరడాకి తగలకుండా ఒక వేలు మందం ఖాళీ వదలండి.

శూన్యం పోయిందో లేదో తెలుసుకోవడం తేలిక. మరిగే నీళ్లు పోసి మూసి, పది నిమిషాల తర్వాత బయట చెయ్యి పెట్టండి. మెడ దగ్గర కాస్త వెచ్చగా ఉంటే పరవాలేదు, ఒళ్లంతా వెచ్చబడితే పని అయిపోయింది. స్టీలుదైతే బాగుచేయడం కుదరదు, గాజుదైతే లోపలి సీసా మార్చుకోవచ్చు.

పాలు, పాలతో కలిపిన పానీయాలు ఫ్లాస్కులో ఎక్కువసేపు ఉంచకండి. 60 డిగ్రీల కిందికి దిగితే సూక్ష్మజీవులకి అంతకన్నా సుఖమైన చోటు ఉండదు. మరిగే నీళ్లు పోసి ఆరు గంటల తర్వాత థర్మామీటర్‌తో చూస్తే మీ ఫ్లాస్కు ఎంతవరకు నమ్మదగ్గదో తెలుస్తుంది. గ్యాసున్న కూల్‌డ్రింకులు వద్దు, బిరడా ఎగిరి మొహానికి తగులుతుంది. మరకలకి ఒక స్పూను వంట సోడా, వేడినీళ్లు, అరగంట. తెల్లటి పెచ్చులకి వెనిగర్. రెండూ కలిపి మూత బిగించడం మాత్రం కూల్‌డ్రింకు పోసినట్టే. కడిగాక మూత తీసే ఆరనివ్వండి, మూసి దాచితే ముక్క వాసన.

బేకింగ్ పౌడర్

వంట సోడా ప్రస్తావన వచ్చింది కాబట్టి ఇది కూడా. బీలెఫెల్డ్‌లో మందుల దుకాణం నడిపిన ఆగస్ట్ ఎట్కర్ 1891 నుంచి అర కిలో పిండికి సరిపోయేలా తూచి చిన్న పొట్లాలు అమ్మాడు. పొడి కొత్తది కాదు, కొలత కొత్తది. పిండి పాళ్లు ఇప్పటికీ అదే: 500 గ్రాములకి సుమారు 16 గ్రాములు. పొడి పాతదని అనుమానం ఉంటే అర స్పూను వేడినీళ్లలో వేయండి, వెంటనే నురగలు కక్కకపోతే పారేయండి. పొడిని ముందు పొడిపిండిలో జల్లించి కలపండి, తడి పదార్థాలు కలిపాక ఆలస్యం చేయకుండా ఓవెన్‌లో పెట్టండి. తడి తగిలిన క్షణం నుంచే గాలి పుట్టి పోతూ ఉంటుంది. బాగా పొంగాలని రెట్టింపు వేస్తే కేకు ముందు ఎగిరి, గాలి బుడగలు పగిలి నడుమ కుంగుతుంది, నాలుక మీద సబ్బు రుచి మిగులుతుంది.